పైన్ కాయ పెట్టిన కుర్చీ

సెప్టెంబరు చివరి శనివారం ఉదయం, లీసెస్టర్ తెలుగు పెద్దల సంఘం తరఫున వెదర్‌లీ హాల్ సందర్శనకు బయలుదేరిన కోచ్‌లో హాజరైనవారు, ఎక్కిన వరుసలో: మొదట నేను, అనగా రామమోహనరావు, విశ్రాంత సివిల్ ఇంజనీరును, సంఘం పూర్వాధ్యక్షుడిని. నా వెనుక విశ్రాంత జీపీ డాక్టర్ సదాశివం గారు, వారి సతీమణి నాగజ్యోతి గారు. తరువాత సంఘ సభ్యులు, వారి బంధువులు, ఎవరి తొందర కొద్దీ వారు. తదుపరి, అందరి పేర్లకూ టిక్కు పెట్టుకొని, సంఘ కార్యదర్శి స్రవంతి. అందరికంటే చివర, ఇంజను మొదలైన తరువాత, కొడుకు శ్రీకర్ కారులో తెచ్చి దించగా, ప్రొద్దుటూరు నుండి ఆరు నెలల వీసాపై వచ్చి ఉన్న శేషమ్మ గారు.

నా పక్కన, కిటికీ వైపు సీటులో, నా భార్య వరలక్ష్మి ఊదారంగు శాలువా ఉన్నది. వరలక్ష్మి ఫిబ్రవరిలో కాలం చేసింది.

సంఘం యాత్రలకు వృత్తాంతం రాసే బాధ్యత మొదటి నుండి నాది. బయలుదేరిన వేళ, చూసిన వింతలు, తిన్న పదార్థాలు, ధన్యవాదాలు అన్నీ కలిపి ఒక పుటకు మించకుండా రాయడం నా అలవాటు. ఈసారి మించుతుంది. సంఘం పత్రిక సంపాదకులు కత్తిరించదలచుకుంటే భవన వర్ణనను కత్తిరించవచ్చు, తక్కినదానిని ముట్టవద్దని మనవి.

జూలైలో స్రవంతి యాత్రకు పేర్లు అడిగినప్పుడు నేను యథాప్రకారం రెండు సీట్లు చెప్పాను. ఆ అమ్మాయి ఫోనులో "ఓకే అంకుల్" అన్నది. కారణం అడగలేదు. అడిగి ఉంటే ఏమి చెప్పేవాడినో నాకు తెలియదు. ఈ దేశంలో ఉన్న ఇన్నేళ్ళూ ఏ కోచ్ ఎక్కినా ముందు నుండి రెండవ వరుసలో ఎడమవైపు జంట సీటు మాది. కిటికీ ఆమెది, నడవ వైపు నాది. ఆ కిటికీ సీటులో మరొకరు కూర్చున్న రోజున ఆమె నిజంగా దిగి వెళ్ళిపోయినట్లే అవుతుందని నాలో ఒక భయం నాటుకొని ఉన్నది. చదువుకున్నవాడికి తగని భయమే, కాదనను. అయినా శాలువా తెచ్చాను, మడిచి సీటు మీద పెట్టాను.

ఆ శాలువా సంఘంలో అందరూ ఎరిగినదే. దానిని చూసి ఒక్కొక్కరే చూపు మరల్చుకొని వెనుకకు నడిచారు. సదాశివం గారు మాత్రం నా భుజం మీద చేయి వేసి, "ఈసారి ఆ మహలు చరిత్రంతా మీరే చెప్పాలి రావు గారూ, గైడ్లు చెప్పేది నాకు నిద్ర తెప్పిస్తుంది. మీరు చెప్పేదీ తెప్పిస్తుందనుకోండి, కానీ తెలుగులో తెప్పిస్తుంది" అన్నారు. ప్రతి సంవత్సరం అనే మాటే. ప్రతి సంవత్సరం దానికి వరలక్ష్మి నవ్వేది. ఈసారి ఎవరు నవ్వాలో తెలియక ఆయన వెళ్ళి తన సీటులో కూర్చున్నారు.

శేషమ్మ గారు ఎక్కేసరికి కోచ్ నిండిపోయింది. ఆమె పేరు ముందుగా ఇచ్చినది కాదు. శ్రీకర్‌కు ఆఫీసులో హఠాత్తుగా పని పడి, తల్లిని ఇంట్లో ఒంటరిగా ఉంచలేక పంపించాడు. స్రవంతి నా వరుస దాకా వచ్చింది, శాలువా చూసింది, వెనుదిరిగింది. తన సీటును శేషమ్మ గారికి ఇచ్చి, తాను డ్రైవరు పక్కనున్న మడత సీటులో కూర్చున్నది. స్రవంతి సీటు చిట్టచివరి వరుసలో, చక్రాలకు వెనుక, నడుమ ఉన్నది. శేషమ్మ గారు చేతికర్ర ఊతంగా, సీటు సీటునూ పట్టుకుంటూ అక్కడిదాకా నడిచారు. నేను చూశాను. చూసి వార్తాపత్రిక తెరిచాను.

వెదర్‌లీ హాల్ తేనెరంగు రాతితో కట్టిన మూడంతస్తుల భవనం. కట్టించిన వంశం వారు ఇప్పుడు లేరు. ఒక ట్రస్టు దాని ఆలనాపాలనా చూస్తున్నది. ముందు ఉన్న సరస్సు సహజమైనది కాదు, వాగుకు కట్ట వేసి నిలిపినది. నా వృత్తి అంతా నీటికి కట్టలు వేయడమే గనుక, నేను వచ్చిన ప్రతిసారీ దాని అలుగు దగ్గర నిలబడి నలుగురికీ వివరించేవాడిని. అయిదేళ్ళ క్రితం ఇక్కడికే వచ్చినప్పుడు వరలక్ష్మి నా వివరణ సగంలో వదిలి తోటమాలి దగ్గరకు వెళ్ళి, ఏదో మొక్క అంటు అడిగి, తడి రుమాలులో చుట్టి తెచ్చుకున్నది. ఆ మొక్క మా ఇంటి వెనుక ఇప్పటికీ ఉన్నది. పేరు నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

ఈసారి అలుగు దగ్గర ఎవరూ ఆగలేదు. ఆగకూడదని కాదు. నా దుఃఖానికి చోటు విడిచిపెట్టడం మర్యాద అని అందరూ తలచారు. నేను నడుస్తుంటే ముందువారు ముందుకు, వెనుకవారు వెనుకకు జరిగేవారు. గది నుండి గదికి నా చుట్టూ ఒక ఖాళీ నాతోపాటు నడిచింది.

రెండవ అంతస్తులోని గ్రంథాలయపు గదిలో గోడ పొడవునా పట్టు గుడ్డ తొడిగిన కుర్చీలు ఉన్నాయి. ప్రతి కుర్చీ మీదా ఒక ఎండిన పైన్ చెట్టు కాయ పెట్టి ఉన్నది. ఇక్కడి పాత భవనాలలో ఇది ఆచారం. కూర్చోవద్దని బోర్డు పెడితే గది అందం చెడుతుంది, అందుకని ముళ్ళకాయో పైన్ కాయో పెడతారు. తెలిసినవారికి అది చాలును. అయిదేళ్ళ క్రితం వరలక్ష్మి ఆ గదిలోనే అన్నది, "ఇన్ని కుర్చీలు ఉన్నాయి, ఒక్కళ్ళూ కూర్చున్నట్టు లేదండీ." నేను ఆ పట్టు ఎంత పాతదో చెప్పబోయాను. ఆమె అప్పటికే కిటికీ దగ్గరకు వెళ్ళిపోయింది.

ఈ మాట గుర్తుకు వచ్చి నేను గుమ్మంలో నిలబడిపోయాను. అప్పుడు గదిలో చిన్న కలకలం వినబడింది. చూస్తే, శేషమ్మ గారు ఒక కుర్చీ మీది పైన్ కాయను తీసి, జాగ్రత్తగా ఒడిలో పెట్టుకొని, ఆ కుర్చీలో సుఖంగా కూర్చొని, మోకాళ్ళు నిమురుకుంటున్నారు. గది బాధ్యత చూసే ఆంగ్ల మహిళ, వయసులో దాదాపు నా అంతటి ఆవిడ, ఎదురుగా నిలబడి చేతులు నలుపుకుంటున్నది. లెమ్మనడానికి మర్యాద అడ్డం వస్తున్నది, ఊరుకోవడానికి ఉద్యోగం అడ్డం వస్తున్నది. ఆమె నన్ను చూసి, నా టై చూసి, ఉపశమనం పొందినట్లు కనిపించింది. దయచేసి తమరు చెప్పగలరా అని అడిగింది.

నేను దగ్గరకు వెళ్ళి, అక్కడ కూర్చోకూడదని శేషమ్మ గారికి మెల్లగా చెప్పాను.

"తెలుసులే అన్నా. ఎవురో సీటు ఆపుకోని పోయినారు. కాయ పెట్టినారు గదా," అన్నారు ఆమె, ఒడిలోని కాయను చూపిస్తూ. "భద్రంగానే పెట్టుకున్నా. ఆయమ్మ వచ్చినాక లేచ్చా."

నన్ను 'రావు గారూ' అనేవారూ 'అంకుల్' అనేవారూ ఉన్నారు గాని, 'అన్నా' అని పిలిచినవారు ఈ దేశంలో నాకు గుర్తు లేరు. నేను గొంతు సవరించుకొని, అది ఎవరూ ఆపుకున్న సీటు కాదని, కాయ పెడితే కూర్చోవద్దని అర్థమని, ఆ కుర్చీ వయసు రెండు వందల ఏళ్ళు దాటిందని వివరించాను.

"రెండు నూర్ల ఏండ్లా," అని ఆమె కుర్చీ చేతిని ఒకసారి తడిమి చూశారు. "అట్లయితే ఆ మనిసి ఇంగ రాదులే."

గదిలో మావాళ్ళు నవ్వారు. సదాశివం గారు అందరికంటే గట్టిగా నవ్వి, నన్ను చూసి ఆపుకున్నారు. ఆంగ్ల మహిళకు ఏమి అన్నారో చెప్పవలసి వచ్చింది. నేను ఉన్నదున్నట్లు చెప్పాను. ఆమె కూడా నవ్వి, గది మూలనున్న మామూలు మడత కుర్చీని, తాను కూర్చునే దానిని, తెచ్చి ఇచ్చింది. శేషమ్మ గారు కాయను ఎక్కడిదక్కడ పెట్టి, కుర్చీ మారారు. మారుతూ, నన్ను ఊరడిస్తున్నట్లుగా అన్నారు:

"మా ప్రొద్దుటూరు బస్టాండులో కిటికీలోనుంచి తువ్వాల ఏచ్చారు అన్నా. బస్సు కదిలేదాకా ఆ సీటు జోలికి ఎవురూ పోరు. అది మర్యాద. కదిలినాక గూడా ఆ మనిసి రాకపోతే, నిలబడిండే ముసిలోల్లను కుచ్చోమంటారు. అదీ మర్యాదే. తెలీక కుచ్చున్యా. తప్పయింటే ఏమనుకోగాకండి."

ఇందులో తప్పేమీ లేదని చెప్పి నేను తరువాతి గదిలోకి నడిచాను. ఆ ఆచారం నాకు కొత్త కాదు. పెళ్ళయిన ఏడాది కాకినాడ బస్టాండులో, రాజమండ్రి బస్సు ఇంకా ఆగకముందే పక్కన పరుగెత్తి, కిటికీలోనుండి రుమాలు విసిరినవాడిని నేనే. లోపలికి ఎక్కి చూస్తే రుమాలు పడిన చోట వరలక్ష్మి దర్జాగా కూర్చొని ఉన్నది. నేను కిటికీ వెంట పరుగెత్తుతుండగా ఆమె బస్సు ఆగే చోటికి నడిచి వెళ్ళి, అందరికంటే ముందు తలుపు గుండా ఎక్కేసింది. ఆ తరువాతి గదులలో ఏమున్నవో నాకు జ్ఞాపకం లేదు. వృత్తాంతంలో ఈ లోపాన్ని మన్నించగలరు.

మధ్యాహ్నం సభ్యులు పచ్చిక మీద దుప్పట్లు పరచి పులిహోర, వడలు పంచుకున్నారు. నాగజ్యోతి గారు నాకు ఒక పళ్ళెం సిద్ధం చేసి అందించి, మాతో కూర్చోండి అన్నారు. వంగి కూర్చోలేనని చెప్పి నేను పళ్ళెంతో సహా పచ్చిక అంచున ఉన్న బెంచీ దగ్గరకు వెళ్ళాను. కూర్చున్న తరువాత, ఆలోచించకుండానే, శాలువాను పక్కన పెట్టాను.

ఆ బెంచీ ఎదుట పచ్చిక ముగిసే చోట ఒక దాగిన గోడ ఉన్నది. ఇంటివైపు నుండి చూస్తే పచ్చిక, దాని వెనుక మేత బీడు ఒకే పరుపులా కనబడతాయి. గోడ ఎక్కడా కనబడదు. దగ్గరకు వెళితే కాళ్ళ ముందు నిట్టనిలువుగా కందకం. గొర్రెలు ఇంటివైపు రాకుండా, ఇంటివారి చూపుకు అడ్డు లేకుండా చేసిన ఏర్పాటు. ఎంతో నేర్పైన పని. అవతల గొర్రెలు తలలెత్తి నన్ను చూశాయి. వాటికి గోడ కనబడుతూనే ఉంటుంది.

ఒక ఆంగ్ల దంపతులు టీ కప్పులతో వచ్చి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగారు. ఉన్నారన్నాను. వారు క్షమించమని చెప్పి, ఇంకొక బెంచీ వెతుక్కుంటూ వెళ్ళారు. ఇంగ్లీషులో ఆ మాట ఎంత తేలికగా వచ్చిందో నాకే ఆశ్చర్యం కలిగింది. పులిహోర చల్లారిపోయింది. వెనుక దుప్పట్ల మీద నుండి నవ్వులు వినబడుతూ ఉన్నాయి. తల తిప్పితే ఎవరైనా నన్ను పిలవక తప్పదేమోనని నేను తల తిప్పలేదు.

తిరుగు ప్రయాణానికి కూడా మొదట ఎక్కినవాడిని నేనే. శాలువా కిటికీ సీటులో పెట్టాను. అందరూ యథాప్రకారం చూపు మరల్చుకొని దాటిపోయారు. చివర శేషమ్మ గారు ఎక్కారు. మెట్లు ఎక్కడానికే ఆమెకు స్రవంతి చేయి కావలసి వచ్చింది. వెనుక వరుస దాకా నడవను చూసి ఆమె ఒకసారి నిట్టూర్చారు. రెండడుగులు వేసి నా వరుస దగ్గర ఆగారు. శాలువా చూశారు. నన్ను చూశారు.

"ఈడికి ఇంగ ఎవురన్నా వచ్చారా అన్నా?"

 స్రవంతి, "ఆంటీ, ప్లీజ్, మీరు నా సీట్‌లో ముందు కూర్చోండి, నేను వెనక్కి వెళ్తా," అని గబగబా అన్నది. శేషమ్మ గారు ఆమె వైపు తిరగలేదు. కర్రను పట్టుకొని, జవాబు కోసం, బస్సులో నిలబడే మనిషిలా నిలబడ్డారు. డ్రైవరు ఇంజను మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి నుండి నేను ఎన్నో పత్రాలపై సంతకాలు చేశాను. కౌన్సిలుకు, డాక్టరు క్లినిక్కుకు, బ్యాంకుకు, పాస్‌పోర్టు వారికి, నా భార్య మరణించినదని ఇంగ్లీషులో స్పష్టంగా, తప్పులు లేకుండా తెలియజేశాను. తెలుగులో ఆ సంగతి ఎవరూ నా చేత చెప్పించలేదు. అందరికీ ముందే తెలుసు గనుక అవసరం పడలేదు.

"రారు," అన్నాను.

ఇంజను చప్పుడులో ఆ మాట వినబడి ఉండదు. కాబట్టి మళ్ళీ చెప్పాను. "ఎవరూ రారమ్మా. కూర్చోండి."

శాలువా తీసి చేతిలో పట్టుకొని ఆమెకు దారి ఇవ్వడానికి లేచాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"కిటికీ కాడ నాకొద్దన్నా. కాలు సాపుకోవాల. నువ్వు అట్ల జరుగు."

నేనే జరగవలసి వస్తుందని నేను ఊహించి ఉండలేదు. వెనుక అందరూ చూస్తున్నారు, డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు. నేను జరిగాను. జరిగి, వరలక్ష్మి సీటులో కూర్చున్నాను. శేషమ్మ గారు నా సీటులో కూర్చొని, మోకాలు నడవలోకి చాపుకొని, నా చేతిలోని శాలువాను అడగకుండానే తీసుకొని ఒడిలో పెట్టుకున్నారు, గ్రంథాలయంలో ఆ కాయను పెట్టుకున్నట్లుగా. కోచ్ కదిలింది.

కొంతసేపటికి నా ఎడమ పాదానికి వేడి తగిలింది. వంగి చూశాను. కిటికీ కింద, గోడ వెంబడి, వేడి గొట్టం పోతున్నది. ప్రతి యాత్రలోనూ వరలక్ష్మి ఎక్కగానే చెప్పులు విడిచి పాదాలు గోడకు ఆనించి కూర్చునేది. ఎందుకు అలా ముడుచుకుంటావని నేను ఎన్నడూ అడగలేదు, అది ఆమె పద్ధతి అనుకున్నాను. ఇంజనీరును, ఆ గొట్టం అక్కడ ఉంటుందని నాకు తెలియదు. బూట్ల లేసులు విప్పి, పాదాలు గోడకు ఆనించాను. అద్దం అవతల పొదల కంచెలు, కోత కోసిన పొలాలు, ఒక కాలువ, దానిలో నిలిచి ఉన్న పొడవాటి పడవలు వెనుకకు పోతున్నాయి. నడవ వైపు నుండి ఇవేవీ కనబడవు. ఆమె తలే కనబడేది.

"ఆయమ్మ పేరేమి?" అని శేషమ్మ గారు కొంత దూరం పోయాక అడిగారు.

చెప్పాను. కాకినాడ రుమాలు సంగతి కూడా చెప్పాను. ఇంకా ఏమేమో చెప్పాను. మధ్యలో ఎక్కడో ఆమెకు కునుకు పట్టినది. ఆ తరువాత కూడా కొంత చెప్పాను. వెనుక నుండి సదాశివం గారు, ఎవరికీ వినబడదనుకొని, "చెప్పానా, తెలుగులో నిద్ర తెప్పిస్తారని," అని భార్యతో అన్నారు. నాకు నవ్వు వచ్చింది. పంచుకుందామంటే పక్కన శేషమ్మ గారు నిద్రలో ఉన్నారు, కాబట్టి అద్దం వైపు తిరిగి నవ్వుకున్నాను.

లీసెస్టర్‌లో దిగినప్పుడు ఆమె శాలువాను తిరిగి ఇచ్చారు. శ్రీకర్ కారులో ఎక్కి వెళ్ళిపోయారు. నేను ఇంటికి వచ్చి, దీపం వేసి, శాలువాను కొక్కేనికి తగిలించి, వంటింటిలో నిలబడి టీ తాగాను. ఇల్లు ఎప్పటివలెనే ఉన్నది. యాత్ర వలన అందులో మార్పేమీ కలగలేదని నిజాయితీగా రాయవలసి ఉన్నది.

మరునాడు స్రవంతి ఫోను చేసి క్షమాపణ చెప్పింది. "పొద్దున్న ఎక్కగానే ఆంటీకి మొత్తం చెప్పాను అంకుల్. ఆ సీట్ వరలక్ష్మి ఆంటీదని, దాని గురించి మిమ్మల్ని ఏమీ అడగొద్దని. ఆవిడ సరే అన్నారు. మళ్ళీ ఎందుకు అడిగారో నాకు తెలీదు. రియల్లీ సారీ." క్షమాపణ అవసరం లేదని చెప్పి ఫోను పెట్టేశాను. 

వచ్చే యాత్రకు నా పేరున ఒక్క సీటే రాయవలసినదిగా కార్యదర్శిని ఇందుమూలముగా కోరుతున్నాను. కిటికీ వైపుది.

తక్కిన ధన్యవాదాలు, అనగా డ్రైవరుకు, వంటలు తెచ్చినవారికి, ట్రస్టు వారికి, కార్యదర్శి విడిగా తెలియజేస్తారు. ఈ వృత్తాంతంలో నమోదు కావలసినది ఒక్కటే. ప్రొద్దుటూరు వాస్తవ్యురాలు శ్రీమతి శేషమ్మ గారు, సంగతి పూర్తిగా ఎరిగి ఉండి, అడగవద్దని ముందే చెప్పబడి ఉండి, సంఘ సభ్యులలో ఏ ఒక్కరూ అడగని ప్రశ్నను మోకాళ్ళ నొప్పితో నిలబడి నన్ను అడిగినందుకును, నేను జవాబు చెప్పేదాకా నిలబడే ఉన్నందుకును, నా స్వంత పక్షమునను, స్వర్గస్థురాలైన నా భార్య వరలక్ష్మి పక్షమునను, వారికి గౌరవపూర్వకమైన కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను.